నాజర్ వేసిన వేషాలు, మనకు దక్కని పాత్రలు

శ్రీరామనవమి నాడు భద్రాచలంలోని మిథిలా స్టేడియంలో కల్యాణోత్సవం జరుగుతుంది. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వస్తాయి. ఈ ముత్యాల ఆనవాయితీ గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలం నాటిదని, ఆసఫ్‌జాహీ పాలకులు దానిని కొనసాగించారని ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. నేలకొండపల్లి నుంచి పాల్వంచ దాకా, అక్కడి నుంచి గోదావరి ఒడ్డు దాకా నివసించే ముస్లిం కుటుంబాలకు ఈ కథ పరాయిది కాదు. కంచెర్ల గోపన్న తహసీల్దారుగా పనిచేసిన పరగణా ఇది. ఆయనను ఖైదు చేసిన సుల్తానూ మనవాడే, విడిచిపెట్టిన సుల్తానూ మనవాడే. తాతలు ఈ కథను ఒకింత గర్వంతో, ఒకింత ఇబ్బందితో చెప్పేవారు.

అయితే ఇప్పటి పిల్లలకు తానీషా తాతల నోట వినిపించిన కథ కాదు, టీవీలో కనిపించే ఒక ముఖం. 2006 మార్చి 30న విడుదలైన ‘శ్రీరామదాసు’ చిత్రంలో తానీషాగా కనిపించిన నాజర్ ముఖం. పొడవైన ముక్కు, బరువైన కనురెప్పలు, తొందరపడని గొంతు. ఆ నటుడు ముస్లిం అని మన ఇళ్లలో చాలామందికి తెలుసు. మన సంభాషణ సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది: ‘మనవాడే’ అని ఒక చిన్న సంతృప్తి, అంతే. ఆ సంతృప్తి వెనుక ఒక ప్రశ్న ఉన్నదని, దానిని ఇన్నేళ్లుగా ఎవరూ సూటిగా అడగలేదని మేము భావిస్తున్నాము.

హక్కుల పత్రికకు సినిమా నటులతో పనేమిటని అడిగేవారు మనలో ఉన్నారు. సినిమా చూడటమే తగదనే పెద్దలూ ఉన్నారు. వారి అభిప్రాయాన్ని మేము గౌరవిస్తాము. కానీ మనం చూసినా చూడకపోయినా మన పొరుగువారు చూస్తున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలు 9.56 శాతం. ముస్లిం కుటుంబం ఒక్కటీ లేని పల్లెలు, ముస్లింతో ఒక్కసారైనా కలిసి భోంచేయని కుటుంబాలు లెక్కలేనన్ని. వారికి మన గురించి చెప్పేది ఎవరు? బడిలో చరిత్ర పాఠం కొంత, రాజకీయ నాయకుల ప్రసంగాలు కొంత, మిగిలినదంతా వెండితెర. ఇల్లు అద్దెకు అడగడానికి వెళ్లిన మన యువకుడి కంటే ముందే ఆ తెరమీది మనిషి ఆ ఇంటి గుమ్మంలోకి చేరి ఉంటాడు.

నాజర్ 1958 మార్చి 5న తమిళనాడులో జన్మించారు. 1985లో కె. బాలచందర్ తీసిన ‘కల్యాణ అగతిగళ్’తో తెరకు పరిచయమయ్యారు. కథానాయకుడు కాగల అందగాడినని ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు. పరిశ్రమ కూడా ఆయనను అలా చూడలేదు. క్యారెక్టర్ నటుడి జీవితం వేరు. పోస్టరు మీద అతని బొమ్మ చిన్నది, కథలో అతని బరువు పెద్దది. మణిరత్నం ‘నాయకుడు’ (1987)లో పోలీసు అధికారి పాటిల్‌గా, ‘క్షత్రియ పుత్రుడు’ (1992)లో పగతో రగిలే దాయాదిగా, ‘ఇద్దరు’ (1997)లో ద్రావిడ ఉద్యమ నేత అన్నాదురైని తలపించే పెద్దమనిషిగా ఆయన కనిపించారు. ఇవన్నీ తమిళంలో తీసి తెలుగులోకి అనువదించినవే అయినా, ఖమ్మం థియేటర్లలో వాటిని పరభాషా చిత్రాలుగా ఎవరూ చూడలేదు.

ఆ తొలి దశాబ్దంలో రెండు చిత్రాలను మనం ప్రత్యేకంగా గుర్తు చేసుకోవాలి. ‘రోజా’ (1992) కాశ్మీర్ తీవ్రవాదం చుట్టూ నడిచే కథ. అందులో తీవ్రవాది లియాఖత్ పాత్రను పంకజ్ కపూర్ పోషించగా, భారత సైన్యానికి చెందిన కల్నల్ రాయప్ప పాత్రను నాజర్ పోషించారు. మూడేళ్ల తర్వాత వచ్చిన ‘బొంబాయి’ (1995)లో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. హిందూ యువకుడు, ముస్లిం యువతి ప్రేమించి పెళ్లాడిన కథ అది. ఒకరి ముఖం ఒకరు చూడటానికి ఇష్టపడని ఇద్దరు తండ్రులున్నారు. కరడుగట్టిన హిందూ తండ్రిగా నటించినది నాజర్. ముస్లిం తండ్రి బషీర్‌గా నటించినది రాజా కృష్ణమూర్తి, అంటే పరిశ్రమ కిట్టీ అని పిలిచే నటుడు. బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత దేశమంతటా గాయాలు పచ్చిగా ఉన్న రోజులవి. ఒక ముస్లిం నటుడు నుదుటి మీద బొట్టుతో, ముస్లింను కోడలిగా అంగీకరించనని గర్జిస్తుంటే ప్రేక్షకులు నమ్మారు. ఒక హిందూ నటుడు టోపీ పెట్టుకుని అంతే కోపంతో ఎదురు గర్జిస్తుంటే దానినీ నమ్మారు. చిత్రంలో ఆ ఇద్దరు తండ్రులూ చివరకు అల్లర్ల మంటల్లోనే ప్రాణాలు కోల్పోతారు. ‘బొంబాయి’ మీద మన సమాజంలో ఆనాడు వచ్చిన అభ్యంతరాలు మాకు తెలుసు. ముస్లిం యువతి బుర్ఖాను ఆ చిత్రం వాడుకున్న తీరు మాకూ నచ్చలేదు. కానీ ఆ ఇద్దరు తండ్రుల ఎంపిక మాత్రం, ఎవరు ఏ ఉద్దేశంతో చేసినా, ఎన్నో ఉపన్యాసాలు చేయలేని పనిని చేసింది.

ఇక మేము ఎక్కువసేపు ఆగవలసిన చిత్రం ఒక హాస్య చిత్రం. 1996లో వచ్చిన ‘భామనే సత్యభామనే’. కె.ఎస్. రవికుమార్ దర్శకత్వంలో కమల్ హాసన్ ఆడవేషం వేసిన సినిమాగానే అందరికీ గుర్తు. అందులో నాజర్ పాత్ర పేరు బాషా. నాజర్ తెరమీద పేరుతో, ఆచారంతో ముస్లింగా కనిపించిన అరుదైన పాత్రలలో ఇది ఒకటి. ఈ బాషా ఒక సనాతన బ్రాహ్మణ గృహంలో వంటవాడిగా చేరతాడు. ముస్లిం అని చెబితే వంటింటి గడప తొక్కనివ్వరు. నోరు తెరిస్తే యాస పట్టిస్తుంది. అందుకని మూగవాడిగా నటిస్తాడు. జంధ్యం వేసుకుని, నోరు కట్టేసుకుని, సైగలతో బతుకుతాడు. చివరకు నమాజు చేస్తుండగా యజమాని కంటపడటంతో గుట్టు రట్టవుతుంది.

థియేటరంతా నవ్వింది. మనమూ నవ్వాము, ఎందుకంటే నాజర్ ఆ మూగ వేషాన్ని అంత గొప్పగా పోషించారు. కానీ నవ్వు ఆగాక ఒక్కసారి ఆ కథను మాటల్లో పెట్టి చూడండి. వంట బాగా వచ్చిన ఒక మనిషికి పని కావాలి. పని దొరకాలంటే పేరు దాచాలి. పేరు దాచాలంటే మాట దాచాలి. రోజుకు ఐదుసార్లు చేసే ప్రార్థనను దొంగతనంలా చేయాలి. ఇది హాస్య సన్నివేశమా, హైదరాబాదులోనో విజయవాడలోనో గది కోసం తిరిగే మన పిల్లల దినచర్యా? ఫోనులో గది ఖాళీగా ఉందని చెప్పిన ఇంటివారు పేరు వినగానే ‘ఇప్పుడే ఎవరో తీసుకున్నారు’ అనడం మన కుటుంబాలలో ఎవరికి అనుభవం కాదు? జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదికలో కూడా ఇళ్లు కొనడంలోనూ అద్దెకు తీసుకోవడంలోనూ ముస్లింలు ఎదుర్కొంటున్న ఇబ్బందుల ప్రస్తావన ఉంది. ఆ నివేదికకు పదేళ్ల ముందే ఒక హాస్య చిత్రం ఆ విషయాన్ని చెప్పింది. రచయితలు దానిని నవ్వించడానికే రాశారేమో. నాజర్ మాత్రం ఆ మూగవాడి కళ్లలో భయాన్ని పూర్తిగా దాచలేదు. ఆయన నటనలో మాకు అత్యంత విలువైనదిగా తోచేది ఆ బాషాయే. బాహుబలి తెచ్చిన కీర్తి దాని ముందు చిన్నది.

నేరుగా తెలుగులో తీసిన చిత్రాలకు వస్తే, నాజర్‌ను మన పరిశ్రమ రెండు చేతులా ఆదరించింది. ‘చంటి’ (1992)లో చెల్లెలిని ప్రాణంగా చూసుకుంటూనే ఆమె ప్రేమకు అడ్డుగా నిలిచే అన్న. ‘మాతృదేవోభవ’ (1993)లో తాగుడుకు బానిసైన భర్త. ఈ చిత్రంలోని పాటకు వేటూరి సుందరరామ్మూర్తికి జాతీయ పురస్కారం వచ్చింది. తెలుగు రాష్ట్రాలలో ఆ చిత్రానికి కన్నీరు పెట్టని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. ‘అతడు’ (2005)లో కోస్తా పల్లెలో పెద్ద కుటుంబానికి పెద్దదిక్కయిన సత్యనారాయణమూర్తి. మనవడు తిరిగి వచ్చాడని మురిసిపోయి, వచ్చినవాడు పరాయివాడని తెలిసి కుమిలిపోయే తాత. ‘బాహుబలి’ (2015, 2017) రెండు భాగాలలోనూ సింహాసనం దక్కని కసితో కుట్రలు పన్నే బిజ్జలదేవుడు. ఇవి కాక పోలీసు కమిషనర్లు, జమీందారులు, న్యాయమూర్తులు, కథానాయిక తండ్రులు ఎందరో. సత్యనారాయణమూర్తి వంటి తాత తమకూ ఉంటే బాగుండునని తెలుగు ప్రేక్షకులు అనుకున్నారు. ఆ తాతగా కనిపించిన నటుడి పేరు, మతం వారికి అడ్డు రాలేదు. ఇది చిన్న విషయం కాదు. మన దేశంలో ద్వేషం గురించి మనం రోజూ మాట్లాడుకుంటాము. ఇలాంటి సాక్ష్యం కళ్ల ముందు ఉన్నప్పుడు దానినీ చెప్పాలి. 2015 అక్టోబరులో దక్షిణ భారత నటీనటుల సంఘానికి ఆయన అధ్యక్షుడిగా ఎన్నికైనప్పుడు ఓటు వేసిన రంగస్థల కళాకారులూ ఆయన మతం చూసి వేయలేదు, మతం చూసి మానలేదు.

అయితే మన ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. నాజర్ అందరికీ తండ్రి కాగలిగారు. ఆయన తెరమీద తిరిగిన ఆ ఇళ్లలో ఒక్కటైనా మన ఇల్లు ఎందుకు కాలేదు?

2006 వేసవిని తీసుకుందాము. మార్చి 30న ‘శ్రీరామదాసు’, సరిగ్గా ఏప్రిల్ 28న ‘పోకిరి’. నాలుగు వారాల తేడాతో వచ్చిన రెండు చిత్రాలలోనూ నాజర్ ఉన్నారు. మొదటి దానిలో తానీషా. రెండవ దానిలో కథానాయకుడిని పెంచిన తండ్రి సూర్యనారాయణ, మాజీ పోలీసు. ఆ సూర్యనారాయణను చంపేది ఎవరు? మాఫియా నాయకుడు అలీ భాయ్. ఆ పాత్రధారి ప్రకాశ్‌రాజ్. అదే చిత్రంలో బిచ్చగాడి వేషంలో నవ్వించినది మన రాజమండ్రి అలీ. 1981లో ‘సీతాకోకచిలుక’తో బాలనటుడిగా వచ్చి, 1994లో ‘యమలీల’తో కథానాయకుడైన అలీ. ఈ ముగ్గురినీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. నిజమైన ముస్లిం నటుడు ఒకరు హిందూ తండ్రిగా ప్రాణం విడుస్తారు. నిజమైన అలీ బిచ్చమెత్తుతూ నవ్విస్తాడు. కథలో ముస్లిం పేరు పెట్టుకున్న ఒక ముఖ్య పాత్ర హంతకుడు. అలీ అనే పేరు మన ఇళ్లలో ఎంత గౌరవంతో పెట్టుకునే పేరో ఆ రచనలో పాల్గొన్నవారికి తెలియదని మేము అనుకోము. తెలిసే పెట్టారు, ఎందుకంటే ముంబయి మాఫియా అంటే ఆ పేరే నప్పుతుందని వారికి ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఆ చిత్రం తెలుగు నేలన సాధించిన విజయం ఎంతటిదో అందరికీ తెలిసిందే. ఆ తర్వాత బడిలో అలీ అనే పిల్లవాడిని తోటివారు ‘అలీ భాయ్’ అని పిలిస్తే, అది వేళాకోళమే కావచ్చు. వేళాకోళం భరించేది మాత్రం ఎప్పుడూ ఒక వైపు పిల్లవాడే.

తానీషా పాత్ర మంచిదే కదా, దానితో తృప్తిపడవచ్చు కదా అనేవారికి మా జవాబు ఇది. భద్రాచలం కథలో తానీషాకు దక్కిన గొప్పతనం ఒక్క రాత్రిది. రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో వచ్చిన ఇద్దరు యువకులు ఆరు లక్షల సొమ్ము చెల్లించి రసీదు తీసుకుంటారు. తెల్లవారి వారెవరో గ్రహించిన సుల్తాను గోపన్నను విడిపిస్తాడు. భక్తుల విశ్వాసం అది. దానిపై వాదించడం మా పని కాదు. మా పని చరిత్రలోని అబుల్ హసన్‌ను గుర్తుచేయడం. షా రాజు అనే సూఫీ గురువు శిష్యుడిగా పేదరికంలో గడిపిన యువకుడు, 1672లో మామగారైన అబ్దుల్లా కుతుబ్ షా మరణానంతరం సింహాసనం ఎక్కాడు. రాజ్య పాలన అంతటినీ మాదన్న, అక్కన్న అనే బ్రాహ్మణ సోదరుల చేతిలో పెట్టాడు. గోపన్న వారికి మేనల్లుడని సంప్రదాయం. గోపన్నపై మోపిన అభియోగం శిస్తు సొమ్మును అనుమతి లేకుండా ఆలయానికి ఖర్చు చేశాడన్నది; అంటే ఖజానా లెక్కల వివాదం. దానిని ముస్లిం రాజు, హిందూ భక్తుడు అనే జగడంగా చదవడం తర్వాతి కాలం అలవాటు. 1964లో చిత్తూరు నాగయ్య స్వీయ దర్శకత్వంలో తీసిన ‘రామదాసు’ నుంచి 2006 చిత్రం దాకా తెలుగు సినిమా తానీషాను పూర్తి దుర్మార్గుడిని చేయలేదు. ఇందుకు మన దర్శకులను అభినందించాలి. 2006 చిత్రంలో మరొక విశేషం కూడా ఉంది: ముస్లిం నేతపనివారి ఇంట పెరిగిన కబీరుగా అక్కినేని నాగేశ్వరరావు కనిపించారు. కబీరు పదిహేనో శతాబ్దపు వాడు, గోపన్న పదిహేడో శతాబ్దపు వాడు. ఇద్దరూ కలిసే అవకాశం లేదు. అయినా ఆ కలయిక లేకుండా రామదాసు కథ చెప్పడానికి తెలుగువారికి మనసొప్పలేదు. ఇలాంటి చారిత్రక దోషాలు ఇంకా కొన్ని జరిగినా మాకు అభ్యంతరం లేదు.

కానీ తర్వాత ఏమైంది? 1686లో అక్కన్న, మాదన్నలు హైదరాబాదులో హత్యకు గురయ్యారు. ఔరంగజేబు సేనలు ఎనిమిది నెలలు ముట్టడించినా లొంగని గోల్కొండ, 1687లో లోపలివాడే ద్వారం తెరవడంతో పడిపోయింది. రామదాసును ఖైదు చేసిన సుల్తాను తానే ఖైదీ అయ్యాడు. దౌలతాబాదు కోటలో దశాబ్దానికి పైగా బందీగా ఉండి అక్కడే కన్నుమూశాడు. ముస్లిం పాదుషా ముస్లిం సుల్తానును కూల్చిన ఈ కథలో మతాల జగడం ఎక్కడ ఇముడుతుంది? రెండు చెరసాలల కథ ఇది. 2006 చిత్రం మొదటి చెరసాలను మాత్రమే చూపింది. తెరమీద తానీషా రాముడి కథకు అవసరమైనంత మేరకే బతికాడు. ఆపైన అతనికి సొంత జీవితం లేదు. మన పాత్రలకు జరుగుతున్నది సరిగ్గా ఇదే. మంచి ముస్లిం అయినా, చెడ్డ ముస్లిం అయినా, వేరొకరి కథకు ఉపయోగపడినంతసేపే తెరమీద ఉంటాడు.

‘ఖడ్గం’ (2002)లో ఆటో డ్రైవరు అంజాద్‌ను చూశాము. కృష్ణవంశీ ఆ పాత్రను ప్రేమతోనే మలిచారు, ప్రకాశ్‌రాజ్ ప్రాణం పెట్టి నటించారు. అయినా అతని తమ్ముడు అజహర్ తీవ్రవాది కావలసివచ్చింది. అన్న దేశభక్తుడని నిరూపించుకోవడానికి తమ్ముడు ద్రోహి కావాలన్నమాట. పక్కింటి వెంకటరావు తన దేశభక్తిని నిరూపించుకోనవసరం లేకుండానే కథ ముగిసేదాకా హాయిగా కాఫీ తాగగలడు. ‘వేదం’ (2010)లో రహీముద్దీన్ పరిస్థితి అంతకంటే మెరుగు. ఆ పాత్రలో మనోజ్ బాజ్‌పాయ్ చూపిన అవమానభారం, 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు పట్టుకుపోయి, ఆ తర్వాత కోర్టులు నిర్దోషులని వదిలిన హైదరాబాదు యువకుల ముఖాలను గుర్తు చేసింది. ఆ చిత్రానికి మేము రుణపడి ఉన్నాము. కానీ అక్కడ కూడా అనుమానం, తీవ్రవాదం అనే రెండు గోడల మధ్యనే మన మనిషి నిలబడ్డాడు. అల్లుడికి మర్యాద తక్కువైందని అలిగే అబ్బాజాన్, చీటీ డబ్బు లెక్క కుదరక గొణుక్కునే అమ్మీ, ఇంటర్ తప్పిన కొడుకు – వీరెవరూ తెరకు పనికిరాలేదు.

ఇందుకు పరిష్కారం ముస్లిం పాత్రలను ముస్లింలే వేయాలని కోరడమా? కొందరు యువ కార్యకర్తలు ఇలా వాదిస్తున్నారు. మేము దీనితో ఏకీభవించము. ఆ నియమం పెడితే రేపు ఎదుటివారూ అదే నియమం పెడతారు. నాజర్‌కు సత్యనారాయణమూర్తి దక్కడు, కల్నల్ రాయప్ప దక్కడు. ఎవరైనా ఎవరి వేషమైనా వేయగలగడమే నటనకు ఉన్న గౌరవం. 1955 ‘అనార్కలి’లో ఎస్వీ రంగారావు అక్బరు కాగలిగినప్పుడు మనకు ఏ లోటూ కలగలేదు. లోటు వేషధారిలో లేదు, వేషం రాసే కలంలో ఉంది.

ఈ మాటకు బ్రిటన్ నుంచి ఒక ఉదాహరణ చెబుతాము. పంజాబులోని మలేర్‌కోట్లాలో 1929లో పుట్టిన సయీద్ జాఫ్రీ లండన్‌లో స్థిరపడి అక్కడి క్యారెక్టర్ నటులలో పేరు తెచ్చుకున్నారు. 1982 ‘గాంధీ’ చిత్రంలో సర్దార్ పటేల్‌గా నటించినది ఆయనే. ముస్లిం నటుడు పటేల్ వేషం వేస్తే ఎవరి మనోభావాలూ దెబ్బతినని రోజులవి. కానీ బ్రిటన్‌లో ఆయనకు అక్కడి చలనచిత్ర అకాడమీ పురస్కారానికి నామినేషన్ తెచ్చిన పాత్ర పటేల్ కాదు. 1985లో వచ్చిన ‘మై బ్యూటిఫుల్ లాండ్రెట్’లో లండన్‌లో స్థిరపడిన పాకిస్తానీ వ్యాపారి పాత్ర. విచిత్రంగా ఆ పాత్ర పేరు కూడా నాసరే. డబ్బు మీద ఆశ, అన్న మీద ప్రేమ, ఇంట్లో ఒక ముఖం, బయట ఒక ముఖం ఉన్న మనిషి. సాధువు కాడు, ఉగ్రవాది అంతకంటే కాడు. మన పెద్దలు చూస్తే ఆ పాత్ర నడవడిని మెచ్చుకోరు, మేమూ మెచ్చుకోవడం లేదు. కానీ దానిని రాసిన హనీఫ్ ఖురేషీ లండన్‌లో పాకిస్తానీ తండ్రికి పుట్టిన యువకుడు. తన ఇంటివారిని, వీధివారిని ఎరిగి రాశాడు. ఆ తర్వాతి తరంలో రిజ్ అహ్మద్ అనే మరో బ్రిటిష్ నటుడు 2017లో అక్కడి పార్లమెంటు భవనంలో ఇదే విషయంపై ప్రసంగించగా, ఆ స్ఫూర్తితో ప్రేక్షకులు ఒక పరీక్షను తయారు చేశారు: తెరమీది ముస్లిం ఉగ్రవాదంతో ముడిపడి ఉన్నాడా, కారణం లేని కోపిష్టిగా ఉన్నాడా, వెనుకబడినవాడిగా ఉన్నాడా, ఆడవారిని అణచేవాడిగా ఉన్నాడా అని అడిగే పరీక్ష. ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుని మన చిత్రాలకు ఈ పరీక్ష పెట్టి చూడమని పాఠకులను కోరుతున్నాము. పిల్లలు మనకంటే వేగంగా మార్కులు వేస్తారు.

తెలుగులో అలాంటి కలాలు లేవా అంటే ఉన్నాయి. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లో వెలువడినప్పుడే తెలుగు కవిత్వం ఉలిక్కిపడింది. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’లో నెల్లూరు జిల్లా ముస్లిం ఇల్లు పొయ్యి మీది పొగతో సహా కనిపిస్తుంది. స్కైబాబ సంకలనపరచిన ‘వతన్’ కథలలో, వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’లో మన నాన్నలు, నానీలు, ఫూఫీలు సజీవంగా ఉన్నారు. అవి ముస్లిమేతర పాఠకులు కూడా ఇష్టంగా చదివిన పుస్తకాలు. మలయాళంలో 2018లో ‘సుడానీ ఫ్రం నైజీరియా’ వచ్చింది. మలప్పురంలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న ఒక యువకుడు, గాయపడిన ఆఫ్రికా ఆటగాడికి సొంత కొడుకులా సేవ చేసే ఇద్దరు ముస్లిం వృద్ధ స్త్రీలు, అంతే కథ. బాంబు లేదు, జెండా లేదు. ఆ వృద్ధులను చూసి నవ్వి ఏడ్చిన ప్రేక్షకుడు తర్వాత తన ఊరి బుర్ఖా అవ్వను కొత్త కళ్లతో చూస్తాడు. ఈ పని తెలుగులో జరగకపోవడానికి ప్రేక్షకుడు కారణమని మేము నమ్మము. సత్యనారాయణమూర్తిని ప్రేమించిన ప్రేక్షకుడు సత్తార్ సాహెబ్‌ను ప్రేమించలేడా?

ఇక్కడ మరొక నాజర్‌ను కూడా తలచుకోవాలి. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్, బుర్రకథ నాజర్. దూదేకుల కుటుంబంలో పుట్టి, పల్నాటి యుద్ధాన్ని, బొబ్బిలి యుద్ధాన్ని, అల్లూరి సీతారామరాజు కథను తంబురా మీద ఊరూరా పాడి, 1986లో పద్మశ్రీ అందుకున్నవాడు. 1953లో గరికపాటి రాజారావు తీసిన ‘పుట్టిల్లు’లో ఆయన బుర్రకథ తెరకెక్కింది. తన జీవిత కథ పుస్తకానికి ‘పింజారి’ అని పేరు పెట్టుకున్నవాడు. బాషాలా పేరు దాచుకోలేదు, నోరు కట్టుకోలేదు. తెలుగువారి వీరుల కథలు చెప్పడానికి తన కులం పేరు, మతం పేరు ఆయనకు అడ్డు రాలేదు. వినేవారికీ అడ్డు రాలేదు.

భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, తర్వాత ఖమ్మంలో కలిసింది. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, 2016లో కొత్త జిల్లా పుట్టింది. ఇన్ని సరిహద్దులు మారినా కొత్తగూడెం గనుల కాలనీలలో, భద్రాచలం బస్టాండు పక్క వీధులలో, ఏజెన్సీ అంగళ్లలో మన కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా కోయ, తెలుగు, ఉర్దూ మాటలు కలిపి బతుకుతున్నాయి. ఈ మిశ్రమ భాషలో ఒక్క సినిమా రాలేదు. సెల్‌ఫోనుతో లఘుచిత్రాలు తీస్తున్న ఖమ్మం, కొత్తగూడెం యువతీయువకులు ఈ మధ్య కనిపిస్తున్నారు. వారిలో మన పిల్లలూ ఉన్నారు. వారు తీసేవి ఎక్కువగా ప్రేమకథలు, అనుకరణలు; వయసు అలాంటిది, తప్పు పట్టనవసరం లేదు. వారికి తల్లిదండ్రులు ఇవ్వగలిగినది ఉపదేశం కాదు, ఇంట్లోని కథ. తాత తునికాకు కల్లంలో గుమాస్తాగా పనిచేసిన రోజులు, నానీ గోదావరి వరదలో పెట్టె నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కిన రోజు, కల్యాణానికి వచ్చిన యాత్రికులకు ఇంటి అరుగు మీద మంచినీళ్లు పోసిన అలవాటు. మసీదు కమిటీలు, ఉర్దూ ఘర్‌లు ఏడాదికి ఒక సాయంత్రం ఈ పిల్లల చిత్రాలకు కేటాయిస్తే చాలు. పొరుగు హిందూ కుటుంబాలనూ, చర్చి వారినీ పిలిచి కూర్చోబెట్టవచ్చు. మా పత్రిక కూడా వచ్చే సంచికల నుంచి అలాంటి కథలకు, స్క్రిప్టులకు రెండు పేజీలు కేటాయించదలచింది. చేతిరాతలో పంపినా అభ్యంతరం లేదు. తానీషా దౌలతాబాదు రోజుల మీద ఎవరైనా రాస్తే, దానిని ముందు చదువుతాము.